కవాటంతో పాటు పైగది సంగతీ అడగండి

మెట్లెక్కితే ఆయాసం, పడుకుంటే ఊపిరాడక రెండో దిండు కావాలనిపించడం, ఉండుండి గుండెదడ. ఇంటి చాకిరీతో వచ్చిన నీరసమేలే అని సరిపెట్టుకుంటున్నారా? ఒక్కసారి గుండె పరీక్ష చేయించుకోండి.

చిన్నప్పుడు గొంతునొప్పి తరువాత కీళ్లవాపులతో వచ్చే రుమాటిక్ జ్వరం కొందరిలో గుండెనూ పట్టుకుంటుంది. ఏళ్లు గడిచాక మైట్రల్ కవాటం రెక్కలు అతుక్కుని దారి ఇరుకవుతుంది. ఇది ఆడవాళ్లలోనే ఎక్కువ. మామూలుగా ఆ దారి 4 నుంచి 6 చదరపు సెంటీమీటర్లుంటుంది. 1.5కి తగ్గితే జబ్బు తీవ్రమైనట్టే.

ఎకో తీయించుకున్నాక "కవాటం ఎంత ఇరుకైంది డాక్టరుగారూ?" అని అడుగుతాం. దాంతోపాటు "ఎడమ పైగది ఎలా ఉంది?" అని కూడా అడగండి.

ఊపిరితిత్తుల నుంచి వచ్చే మంచి రక్తం ముందుగా చేరేది ఈ గదికే. ఎడమ కర్ణిక అని పుస్తకాల్లో చదువుకున్నాం కదా, అదే! రక్తాన్ని కాసేపు నిలవ ఉంచుకోవడం, కవాటం తెరుచుకోగానే కిందికి వదలడం, చివర్లో ముడుచుకుని మిగిలింది నెట్టడం దాని పనులు. దారి ఇరుకైతే ఒత్తిడి పెరిగి గది సాగుతుంది. మాటిమాటికీ లాగిన ఎలాస్టిక్ లాగా పట్టు సడలుతుంది. అప్పుడు గుండె లయ తప్పవచ్చు. రక్తం నిలిచి గడ్డకట్టవచ్చు. ఆ గడ్డ మెదడుకు చేరితే పక్షవాతమే!

ఎకోలో గది అడ్డుకొలత ఆడవాళ్లకు 3.8 సెంటీమీటర్లు దాటితే పెరిగినట్టు లెక్క. గదిలో పట్టే రక్తాన్ని ఒంటి సైజుతో పోల్చి చూడడం ఇంకా నమ్మకమైన పద్ధతి. ప్రతి కొట్టుకోవడంలో గది గోడ ఎంత సాగుతోందో శాతాల్లో కొలిచే 'స్ట్రెయిన్' పరీక్ష కూడా ఇప్పుడుంది. గది పెరగక ముందే పట్టు తగ్గడం అందులో తెలియవచ్చు. బెలూన్‌తో కవాటం వెడల్పు చేసే ముందు, అన్నవాహికలోకి గొట్టం దించి గడ్డలున్నాయేమో చూస్తారు.

గర్భంతో ఉన్నప్పుడు ఒంట్లో రక్తం దాదాపు సగం పెరుగుతుంది. ఇరుకు దారికి అది పెద్ద బరువు. అంచేత బిడ్డను కనాలనుకునే ముందే గుండె డాక్టరును కలవాలి. రక్తం పలచబడడానికి వార్ఫరిన్ వాడుతూ నెల తప్పితే వెంటనే చెప్పండి. అది బిడ్డకు హాని చేయవచ్చు. అలాగని మీ అంతట మీరు మానెయ్యకండి. ఆ మాత్ర వేసుకునేవారు తోటకూర, పాలకూర మానక్కర్లేదు. ఒకరోజు బోలెడు, ఒకరోజు సున్నా కాకుండా ఎప్పుడూ ఒకే మోతాదులో తినండి.

మూతి వంకర పోయినా, చెయ్యి పడిపోయినా, మాట తడబడినా తెల్లారేదాకా ఆగకండి. అప్పటికప్పుడు ఆసుపత్రికి వెళ్లండి.

రేషన్ కార్డంత భద్రంగా ఎకో కాగితాలన్నీ దాచుకోండి. నిరుటి కొలత పక్కన ఈ ఏటి కొలత పెట్టి చూస్తేనే పైగది ఎటు పోతోందో డాక్టరుకు తెలుస్తుంది.