మా మీద రాసిన నివేదిక మేం చదవలేమా?

బొగ్గు మీద, కరెంటు మీద పరిశోధన నివేదికలకు కొదవ లేదు. ఢిల్లీలో రాస్తారు, హైదరాబాదులో రాస్తారు. వాటిలో మెగావాట్లుంటాయి, టన్నులుంటాయి. కమాన్‌పూర్ చుట్టుపక్కల గూడేల మనుషులు మాత్రం ఏ పట్టికలో ఉన్నారో వెతుక్కోవాలి.

లెక్కలంటే మాకు భయం లేదు. ఒక యూనిట్ కరెంటుకు సుమారు 700 గ్రాముల బొగ్గు కాలుతుంది. రామగుండం ఎన్టీపీసీ పాత స్టేషన్ సామర్థ్యం 2600 మెగావాట్లు. నిండుగా నడిస్తే గంటకు 1,820 టన్నుల బొగ్గు. అందులో మూడో వంతు బూడిద అనుకున్నా గంటకు 600 టన్నులు. ఇది ఏడో తరగతి లెక్క. ఆ బూడిద ఏ రోడ్డు మీద పోతుంది, టార్పాలిన్ లేని లారీ వెనకాల సైకిల్ మీద బడికొచ్చే పిల్ల ఎంత మింగుతుంది అన్నది మాత్రం ఏ క్లాసు లెక్కో నాకు తెలియదు. రవాణా అంటే వాళ్లకు బొగ్గు కదలడమే. మనిషి కదలడం వేరే శాఖ పని.

గని తవ్వాలంటే పర్యావరణ ప్రభావ మదింపు నివేదిక కావాలి. 2006 నోటిఫికేషన్ ప్రకారం ప్రజాభిప్రాయ సేకరణకు కనీసం 30 రోజుల గడువివ్వాలి. 2020 ముసాయిదాలో దాన్ని 20 రోజులు చేయబోయారు, దేశమంతా అడ్డం తిరిగింది. కానీ 30 రోజులిచ్చినా చదవడానికి మా చేతికొచ్చేదేమిటి? తెలుగులో సారాంశం. అసలు నివేదిక వందల పేజీలు, ఇంగ్లీషులో. నీళ్లు ఎంత లోతుకు పోతాయో, మట్టి గుట్ట ఎంత ఎత్తు లేస్తుందో ఆ వందల పేజీల్లో ఉంటుంది. ఇంకో ముచ్చట. ఆ నివేదిక రాసే సంస్థకు డబ్బులిచ్చేది గని తవ్వే కంపెనీయే. పరీక్ష రాసే పిల్లవాడి తండ్రే పేపరు దిద్దే సారుకు జీతమిస్తే ఆ మార్కులను ఎవరు నమ్ముతారు?

మాది పాత కరీంనగర్ జిల్లా. ఐదో షెడ్యూలు ప్రాంతం కాదు. కాబట్టి 1996 పెసా చట్టం మాకు లేదు, 1/70 లేదు. నాయకపోళ్లం, గోండులం ఇక్కడా ఉన్నాం, కానీ ఆదివాసీల మీద పరిశోధన చేసేవాళ్లు ఏజెన్సీకి పోతారు, బొగ్గు మీద చేసేవాళ్లు గోదావరిఖని కార్మిక సంఘం ఆఫీసుకు పోతారు. మధ్యలో మేం ఎవరికీ అందం. మా లక్ష్మీదేవర గుడిని సర్వేలో ఏ గడిలో రాస్తారు? కట్టడమనా?

ఇప్పుడు కొత్త మాట వచ్చింది, న్యాయమైన పరివర్తన అని. 2070 నాటికి నికర సున్నా సాధిస్తామని 2021లో గ్లాస్గోలో మన దేశం మాటిచ్చింది. మంచిదే. బొగ్గు ఆగినప్పుడు బాయి కార్మికుడికి ఏం చేయాలని పరిశోధకులు అడుగుతున్నారు. మస్టరులో పేరున్నవాడికి ఏదో దారి చూపిస్తారు. కాంట్రాక్టు మీద పోయే మా గూడెం పిలగాడికి? భూమి పోయి, బర్రెలమ్ముకుని, ఏ మస్టరులోనూ లేని ముసలవ్వకు? పరివర్తన వాళ్లకు ఎప్పుడో జరిగిపోయింది, న్యాయం లేకుండానే.

సింగరేణి మూతపడాలని నేననడం లేదు. అందులో 51 శాతం వాటా రాష్ట్ర ప్రభుత్వానిది, అంటే మాది కూడా. అందుకే అడుగుతున్నాం. నివేదిక మొత్తం తెలుగులో అచ్చు వేయండి. ప్రజాభిప్రాయ సేకరణకు నెల ముందే గ్రామ పంచాయతీలోనూ బడిలోనూ పెట్టండి. రాసే సంస్థను కంపెనీ కాకుండా వేరేవాళ్లు ఎంపిక చేయాలి. గాలిలో దుమ్ము కొలిచే యంత్రాన్ని టౌన్‌షిప్ పార్కులో కాదు, లారీలు పోయే రోడ్డు పక్కనున్న బడి మీద బిగించండి. రీడింగు రాసుకోవడానికి మా ఎనిమిదో తరగతి పిల్లలున్నారు.