ఆ వాన అడవికీ మనుషులున్నారు



సియాటిల్‌లో ఉండే మన తెలుగువాళ్లకి లాంగ్ వీకెండ్ వస్తే ఒలింపిక్ నేషనల్ పార్క్ వైపు రోడ్ ట్రిప్ మామూలే. మొన్న నా డిగ్రీ క్లాస్‌మేట్ కూడా వెళ్లాడు. హో రెయిన్ ఫారెస్ట్ నుంచి వీడియో పంపాడు. రోజంతా వాన. కారు వైపర్లు ఆగట్లేదు. రెయిన్‌కోట్లు వేసుకుని అడవిలో నడుస్తున్నారు. కింద ఓ మాట రాశాడు: "మనిషి కాలు పెట్టని అడవి మామా!"

నేను ఆ మాట దగ్గరే ఆగిపోయా.

అడవి గొప్పదే, కాదనను. అక్కడ ఏడాదికి దాదాపు 3,500 మిల్లీమీటర్ల వాన పడుతుంది. హైదరాబాద్‌లో పడేదానికి నాలుగు రెట్లు. మన అడవుల్లో ఉన్న వేడి, ఉక్కపోత ఉండదు. పసిఫిక్ మీంచి వచ్చే మబ్బులు ఒలింపిక్ కొండలకి తగిలి అక్కడే కురుస్తాయి. సిట్కా స్ప్రూస్ చెట్లు 250 అడుగుల దాకా పెరుగుతాయి. మేపుల్ కొమ్మలకి నాచు గడ్డంలా వేలాడుతుంది. కూలిపోయిన మాను మీదే కొత్త మొక్కలు వరసగా లేస్తాయి. అలాంటి అడవిని చూడాలంటే వాన రోజే చూడాలి.

కానీ "హో" అనే పేరు ఎక్కడిదో మీరెప్పుడైనా అడిగారా? అది అక్కడి నది పేరు, ఆ నది ఒడ్డున బతికే ఆదివాసీ జాతి పేరు కూడా. వాళ్లు తమని చలాత్ అని చెప్పుకుంటారు. సాల్మన్ చేపలు పట్టుకుని, సీడర్ మాను తొలిచి పడవలు చేసుకుని బతికినవాళ్లు. 1855-56 ఒప్పందంతో అమెరికా ప్రభుత్వం అక్కడి భూములు రాయించుకుంది. 1893లో నది సముద్రంలో కలిసేచోట వాళ్లకంటూ మిగిల్చింది 443 ఎకరాలు. 1938లో నేషనల్ పార్క్ వచ్చింది.

ఆ 443 ఎకరాలకి ఒకపక్క నది వరద, ఇంకోపక్క సునామీ ముప్పు. ఊరిని మెరక మీదికి మార్చుకోవాలి. తొమ్మిది లక్షల ఎకరాలు దాటిన పార్కులోంచి 37 ఎకరాలు వాళ్లకి ఇవ్వడానికి 2010లో అమెరికా కాంగ్రెస్ ఏకంగా ఓ చట్టం చేయాల్సి వచ్చింది! అప్పటిదాకా పార్కుకి హద్దులున్నాయి, మనుషులకే చోటు లేదు.

ఈ కథ మనకి కొత్తా? పాపికొండలకి బోటులో వచ్చేవాళ్లు కొండలు చూస్తారు, గోదారి చూస్తారు, సెల్ఫీ దిగుతారు. పోలవరం కింద మునిగే కోయ, కొండరెడ్ల ఊళ్ల పేర్లు ఎంతమందికి తెలుసు? "మనిషి లేని అడవి" అని ముందు ఫొటోలో రాస్తారు, తర్వాత ఫైల్లో రాస్తారు. ఫైల్లోకి ఎక్కాక మనల్ని మన అడవిలోనే ఆక్రమణదారులంటారు. అందుకే ఆ మాటతో నాకు పేచీ.

అడవులు చూడ్డం మానమని నేను అనట్లేదు. వెళ్లండి, తడవండి. ఆదివాసీల ఊరు టూరిస్టు స్పాట్ కాదు కాబట్టి పిలవకుండా వాళ్ల వాకిట్లోకి కెమెరాతో పోవద్దు. బయల్దేరే ముందు ఆ నేల ఎవరిదో ఓ పది నిమిషాలు చదవండి. ఫొటో పెట్టినప్పుడు చెట్టు పేరుతో పాటు ఆ జాతి పేరు కూడా రాయండి.

మన అడవికి వచ్చేవాళ్లని మనం అడిగేది కూడా ఇదే కదా!

జై ఆదివాసీ!