ఇల్లు వాళ్లదే, కాపురం మనది

ఓనరు తన ఇల్లు చూసుకోవడం తప్పేం కాదు. గోడకి చెమ్మ పట్టిందా, పంపు కారుతోందా, స్లాబు పెచ్చులూడుతోందా అని అప్పుడప్పుడు చూసుకుంటే ఇద్దరికీ మంచిదే. చెప్పాపెట్టకుండా వచ్చేయడమే నాకు నచ్చదు. పగటిపూట ఆ తలుపు తీయాల్సింది ఎక్కువగా మనమే కదా! తలంటి పోసుకుని ఉంటాం, పసిబిడ్డకి పాలిస్తూ ఉంటాం. "మా ఇల్లేగా" అంటూ నేరుగా పడగ్గదిలోకి వచ్చేస్తే ఎలా?

2021లో కేంద్రం ఆమోదించిన నమూనా అద్దె చట్టంలో దీనికి ఒక పద్ధతి ఉంది. ఇల్లు చూడాలంటే ఓనరు కనీసం 24 గంటల ముందు కారణం, రోజు, వేళ రాసి తెలపాలి. ఫోనుకి మెసేజ్ పెట్టినా సరే. తెల్లవారకముందు, పొద్దుపోయాక రాకూడదు. నిప్పంటుకున్నా, వరదొచ్చినా అది వేరే సంగతి. కాకపోతే, రాష్ట్రాలు తమ చట్టంగా చేసుకుంటేనే ఇది అమల్లోకి వస్తుంది.

అందాకా మనం ఆగక్కర్లేదు. అగ్రిమెంటు రాసుకునేటప్పుడే ఈ షరతు కూడా రాయించుకోండి. చెప్పి వచ్చిన రోజున కాఫీ ఇచ్చి, కారే పంపు మీరే చూపించండి. అడగడానికి మొహమాటం దేనికి? అద్దె కట్టినన్నాళ్లూ ఆ గడప లోపల కాపురం మనది.