ఆయాకు పండగ మామూలు ఎంతివ్వాలి?

పండగ నెల వచ్చిందంటే ఇల్లాలి పద్దుల పుస్తకంలో మామూళ్ళ లెక్క మొదలవుతుంది. పాలవాడికింత, పేపరబ్బాయికింత, చెత్తబండి అతనికింత అని చకచకా రాసేస్తాం. పిల్లల్ని చూసుకునే ఆయా దగ్గరికొచ్చేసరికి మాత్రం పెన్ను ఆగిపోతుంది. "ఓ చీర పెడితే చాలదూ!" అంటారు అత్తగారు. "నీ ఇష్టం" అని తప్పుకుంటారు శ్రీవారు. పక్కింటావిడ అయిదు వందలిచ్చిందట, ఎదురింటావిడ ఏకంగా అయిదు వేలట! మరి మనం ఎంతివ్వాలి?

పక్కిళ్ళను చూసి ఈ లెక్క వేయకండి. పిల్లాడికి జ్వరమొస్తే పాలవాడు పక్కన కూర్చోడు కదా! ఆయా చేసేది అందరి పనిలాంటిది కాదు. తన పిల్లల్ని తల్లి దగ్గరో, పెద్దకూతురి మీదో వదిలేసి వచ్చి మన పిల్లలకు గోరుముద్దలు పెడుతుంది. అందుకే ఆమెకిచ్చేదానికి ఓ పద్ధతి ఉండాలి.

ఒక నెల జీతం

ఉద్యోగస్తులకు ఏడాదికి ఒక నెల జీతం బోనస్ అనే మాట మనందరికీ తెలిసిందే. 1965లో వచ్చిన బోనస్ చట్టం కనీసం 8.33 శాతం ఇవ్వాలంది. అంటే ఏడాది జీతంలో పన్నెండో వంతు, సరిగ్గా ఒక నెల జీతం. ఆ చట్టం ఫ్యాక్టరీలకూ, కంపెనీలకూ గానీ మన ఇళ్ళకు కాదు. అయినా న్యాయమైన కొలత కావాలంటే ఇంతకంటే మంచిది లేదు.

ఏడాది నిండకపోతే ఎన్ని నెలలు చేసిందో ఆ వంతు లెక్కకట్టండి. నెలకు 12 వేలు జీతమనుకుందాం. ఏడాది చేస్తే 12 వేలు, ఆరు నెలలు చేస్తే 6 వేలు, మూడు నెలలైతే 3 వేలు. ఇంత ఇవ్వలేని ఇల్లయితే సగం నెల జీతమివ్వండి. కానీ ఏటా మానకుండా ఇవ్వండి. ఒక ఏడు ఘనంగా ఇచ్చి మరుసటేడు చేతులు దులిపేసుకుంటే ఆమె మనసు చివుక్కుమంటుంది.

చీర వేరు, డబ్బు వేరు

చీర, జాకెట్టు ముక్క, స్వీటు పొట్లం పెట్టడం మన ముచ్చట. వాటి ఖరీదు బోనస్‌లోంచి తగ్గించకండి. బీరువాలో ఎవరో పెట్టిన చీర ఉందని అది ఇచ్చేసి సరిపెట్టడం అసలే వద్దు. పిల్లల స్కూలు ఫీజు కట్టాల్సినామెకు చీరతో గడవదు.

అడ్వాన్సు బాకీ ఉంటే? చాలామంది "ఆ 5 వేలూ ఇందులో పట్టేసుకున్నా" అంటారు. అలా చేస్తే పండగపూట ఆమె ఉత్త చేతులతో ఇంటికెళుతుంది. బాకీని నెలనెలా జీతంలో కొంచెం కొంచెంగా, ఆమెతో చెప్పి పట్టుకోండి. బోనస్ జోలికి పోకండి.

ఇంకోమాట. బోనస్ ఇచ్చామని జీతం పెంచడం మానేయకూడదు. రెండేళ్ళుగా అదే జీతం ఇస్తుంటే ముందు దాన్ని పెంచండి. బోనస్ ఏడాదికోసారి. ఆమె ఇంట్లో బియ్యం, గ్యాసు ఖర్చు ప్రతి నెలా ఉంటుంది.

ఎప్పుడు, ఎలా?

మన పండక్కి కాదు, ఆమె పండక్కి ఇవ్వండి. ముస్లిమైతే రంజాన్‌కి, క్రైస్తవురాలైతే క్రిస్మస్‌కి. పండగరోజు సాయంత్రం కాక, పదిరోజుల ముందే ఇస్తే బట్టలూ, సరుకులూ కొనుక్కోగలుగుతుంది. చేతికివ్వాలో బ్యాంకులో వేయాలో ఆమెనే అడగండి. కొందరిళ్ళల్లో డబ్బు చేతికొస్తే సాయంత్రానికి మిగలదు. ఆ కష్టం ఆమెకే తెలుసు.

బ్యాంకు ఖాతా ఉంటే, బోనస్‌తో పాటు మీ తరఫున ఓ చిన్న కానుక చేయొచ్చు. ప్రధానమంత్రి సురక్షా బీమాకు ఏడాదికి 20 రూపాయలే. 18 నుంచి 70 ఏళ్ళ లోపువారు చేరవచ్చు. ప్రమాదంలో ప్రాణం పోతే ఇంటివాళ్ళకు 2 లక్షలొస్తాయి. పదేళ్ళలోపు ఆడపిల్ల ఉంటే 250 రూపాయలతో పోస్టాఫీసులో సుకన్య సమృద్ధి ఖాతా తెరిపించవచ్చు. అయితే ఇవన్నీ ఆమె సరేనంటేనే!

పని మానిపించేటప్పుడు

అసలు పరీక్ష ఇక్కడుంది. పాప బడికెళుతుంది, ఇక ఆయా అవసరం లేదు. "రేపట్నించి రావద్దమ్మా" అనడం మనకు ఒక్క మాట, ఆమెకు నెల తిరిగేసరికి అద్దె లేకపోవడం. కనీసం నెల ముందు చెప్పండి. 1972 నాటి గ్రాట్యుటీ చట్టం పనిచేసిన ఒక్కో ఏడాదికి పదిహేను రోజుల జీతమని లెక్క చెప్పింది. అదే మనమూ పాటిస్తే, 12 వేల జీతానికి మూడేళ్ళు చేసినామెకు సుమారు 18 వేలవుతుంది. ఒకేసారి బరువనిపిస్తే నెలకో 500 ఇప్పట్నించే విడిగా దాచండి. మూడేళ్ళకు సరిగ్గా 18 వేలు! తెలిసినవాళ్ళింట్లో మరో పని చూసిపెడితే ఇంకా మేలు.

డబ్బిచ్చేటప్పుడు పాప చేతే ఇప్పించండి. "నిన్ను పెంచింది ఈ ఆయమ్మే" అని చెప్పండి. పెంచిన చేతులకు విలువివ్వడం పిల్లలు మనల్ని చూసే నేర్చుకుంటారు మరి.