‘నోరు తిరగదు’ అని తేల్చేది ఎవరు?

చిన్నప్పుడు మా బడిలో ఒక పంతులు నాతో ‘భారతం’ అని పదేపదే అనిపించేవాడు. నేను ప్రతిసారీ ‘బారతం’ అనేవాణ్ని. ‘మీ పేటోళ్లకి నోరు తిరగదురా’ అని నవ్వేవాడు. మా పేటలో ఎవరూ భకారాన్ని ఒత్తి పలకరు. అది మా మాట తీరే తప్ప నోటి జబ్బు కాదని చెప్పే మనిషి ఆ బడిలో లేడు.

ఈమధ్య రాయ్‌పూర్‌లో స్పీచ్ థెరపిస్టుగా పనిచేసే మిత్రుడితో మాట్లాడుతుంటే ఆ పంతులు గుర్తొచ్చాడు. ఛత్తీస్‌గఢీ మాట్లాడేవాళ్లు సాధారణంగా ‘శ’ను ‘స’ అనే పలుకుతారు. హిందీలో తయారైన ఉచ్చారణ పరీక్ష పెడితే అక్కడ తప్పు పడుతుంది. ఇంట్లో గోండీ తప్ప వేరే మాట వినని బిడ్డ సంగతి ఇంకా కష్టం. ఆ బిడ్డకు నిజంగానే వినికిడి లోపం ఉన్నా, ‘హిందీ రాదు, అందుకే మాట్లాడడం లేదు’ అని పంపేసే ప్రమాదం ఉంది. జబ్బు లేనివాడికి జబ్బు అంటగట్టడం కంటే ఇదే ఎక్కువ నష్టం. భాష నేర్చే వయసు పోతే తిరిగి రాదు.

2011 జనగణన ప్రకారం ఛత్తీస్‌గఢ్‌లో ఆదివాసులు 30.6 శాతం, దళితులు 12.8 శాతం. దేశంలో గోండీ మాట్లాడేవాళ్లు 30 లక్షలకు దగ్గర. అయినా గోండీ ఎనిమిదో షెడ్యూల్లో లేదు. ఛత్తీస్‌గఢీని జనగణన హిందీ కిందే లెక్కగడుతుంది.

ఇలాంటి చోట స్పీచ్ థెరపీ డిగ్రీ సరిగా ఉందని ముద్ర వేసేది ఎవరు? 1992 చట్టం కింద ఏర్పడిన భారత పునరావాస మండలి, అంటే ఆర్‌సీఐ. నాలుగేళ్ల బీఏఎస్‌ఎల్‌పీ కోర్సు నడపాలంటే దాని అనుమతి కావాలి. మండలి పంపే నిపుణులు కాలేజీకి వచ్చి సిబ్బందిని, పరికరాలను, గదులను, శిక్షణను చూస్తారు. అవన్నీ చూడాల్సినవే. కానీ విద్యార్థి ఏ భాషలో పరీక్ష చేయడం నేర్చుకుంటున్నాడు, చుట్టుపక్కల జనం ఏ భాష మాట్లాడతారు అన్నది ఆ భాష ఇంట్లో విన్న నిపుణుడికి తట్టినట్టు మిగతావాళ్లకు తట్టదు.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. విద్యార్థి సీటుకు, లెక్చరర్ ఉద్యోగానికి రాజ్యాంగం రిజర్వేషన్ దారి చూపింది. తనిఖీ నిపుణుడిది సీటూ కాదు, ఉద్యోగమూ కాదు. ప్యానెల్లో పేరు, అంతే. సీనియారిటీ ఒక్కటే కొలతైతే, రిజర్వుడు ప్రొఫెసర్ పోస్టులు ఖాళీగా పెట్టిన సంస్థల నుంచి ఆ జాబితాలోకి ఎవరు వస్తారో వేరే చెప్పాలా? 1919లోనే సౌత్‌బరో కమిటీ ముందు అంబేద్కర్ అభిప్రాయాలకు ప్రాతినిధ్యం ఉంటే చాలదని, మనుషులకూ ఉండాలని వాదించాడు. ఆయన మాట్లాడింది శాసనసభల గురించి. తనిఖీ ప్యానెళ్లకూ అది వర్తిస్తుందని నేనంటాను.

‘అర్హులు దొరకడం లేదు’ అనే పాత జవాబు ఎలాగూ వస్తుంది. బాలల ఆరోగ్య పథకం కింద జిల్లాల్లో పెట్టిన సత్వర చికిత్సా కేంద్రాల్లో ఏళ్ల తరబడి పిల్లల్ని చూస్తున్న ఆదివాసీ, దళిత థెరపిస్టు అర్హుడు కాడా? గోండీ తెలిసిన భాషాశాస్త్రవేత్త? వినికిడి లోపం ఉన్న బిడ్డను పెంచిన తల్లి? బ్రిటన్‌లో ఈ కోర్సుల్ని ఆమోదించే హెచ్‌సీపీసీ తన మదింపుదారుల కోసం బహిరంగంగా ప్రకటన ఇస్తుంది, వృత్తి బయటి మనుషుల్నీ తీసుకుంటుంది. అమెరికాలో స్పీచ్ థెరపిస్టుల సంఘం ఆషా 1983లోనే ఇంగ్లీషులో ఏ మాండలికమూ రుగ్మత కాదని ప్రకటించింది. నల్లజాతి పిల్లల యాసను లోపంగా చూసిన దేశంలో ఆ మాట ఊరికే రాలేదు.

విద్యార్థి మిత్రులకు, అధ్యాపకులకు ఒక పని. ఆర్‌సీఐ ప్యానెల్లో ఎస్సీలు, ఎస్టీలు ఎందరు, ఛత్తీస్‌గఢ్ కాలేజీలకు వెళ్లినవాళ్లలో ఛత్తీస్‌గఢీ, గోండీ, హల్బీ తెలిసినవాళ్లు ఎందరు, వాళ్లను ఏ ప్రకటన ద్వారా ఎంపిక చేశారు అని సమాచార హక్కు కింద అడగండి. రుసుము 10 రూపాయలు. నా దరఖాస్తు ఈ వారమే పంపుతున్నాను.