‘నాట్ రికగ్నైజ్డ్’ అంటే మనకి రాదని కాదు



ఇప్పుడు అందరి నోటా ఏఐ ఏజెంట్ల మాటే. మనం చెప్పిన పని విని, తనే ఫైళ్ళు తెరిచి, కోడ్ రాసి, కమాండ్లు నడిపే టూల్స్ ఇవి. గూగుల్ 2025 జూన్‌లో విడుదల చేసిన జెమినీ సీఎల్ఐ అలాంటిదే. కొండ ఊళ్ళ నుంచి వచ్చి రాయవరంలో హాస్టల్లో ఉంటూ చదువుకుంటున్న మేం కూడా వీటిని నేర్చుకోవాలనే చూస్తున్నాం. కానీ మనలో చాలామంది మొదటి మెట్టు దగ్గరే ఆగిపోతున్నారు. వీడియోలో చూపించినట్టే కమాండ్ కొడతాం. "ఈజ్ నాట్ రికగ్నైజ్డ్" అని ఒక ఇంగ్లీష్ లైను వస్తుంది. "ఇది మన వల్ల కాదులే" అనుకుని మూసేస్తాం. ఇంట్లో అడుగుదామంటే కాలేజీ మొహం చూసినవాళ్ళు లేరు. ల్యాబ్‌లో అడుగుదామంటే మొహమాటం.

మేం చెప్పేది ఒక్కటే. ఆ లైను మన తెలివి గురించి కాదు. ఆ పేరుతో ఉన్న ప్రోగ్రామ్ కంప్యూటర్‌కి దొరకలేదు, అంతే. అందుకే ఏ టూల్ వేసేముందైనా దానికి కావాల్సినవి ఉన్నాయో లేదో చూస్కోవడం అలవాటు చేసుకోవాలి. దీన్నే డిపెండెన్సీ చెక్ అంటారు. పేరు పెద్దది, పని చిన్నది. మన నాన్నలు దుక్కికి వెళ్ళేముందు నాగలి కర్రు చూసుకోరా? ఇదీ అంతే.

జెమినీ సీఎల్ఐనే తీసుకుందాం. అది నడవాలంటే నోడ్ జేఎస్ 20 గానీ, అంతకన్నా కొత్త వెర్షన్ గానీ ఉండాలి. విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి మూడు చూడండి.

1. ఉందా? ఇంగ్లీష్ అక్షరాల్లో నోడ్ అని కొట్టి, కాస్త ఖాళీ వదిలి, రెండు చిన్న గీతలు పెట్టి, వాటికి ఆనుకుని వెర్షన్ అని రాయండి. నంబర్ వస్తే ఉన్నట్టే.

2. సరిపోయే వెర్షనేనా? పాత సిస్టమ్స్‌లో 16, 18 ఉండొచ్చు. ఉంది కదా అని వదిలేస్తే తర్వాత అర్థంకాని ఎర్రర్లు వస్తాయి.

3. ఎక్కడుంది? వేర్ అని కొట్టి పక్కన నోడ్ అని రాస్తే ఏ ఫోల్డర్‌లో ఉందో చూపిస్తుంది. లైనక్స్‌లో అయితే వేర్ బదులు విచ్.

పైథాన్ దగ్గర ఒక మెలిక ఉంది. విండోస్‌లో పైథాన్ లేకపోయినా వేర్ కమాండ్ ఒక ఫోల్డర్ చూపించొచ్చు. అది అసలు పైథాన్ కాదు, మైక్రోసాఫ్ట్ స్టోర్‌కి తీసుకెళ్ళే ఉత్తుత్తి లింకు. కాబట్టి ఫోల్డర్ కనిపిస్తే చాలదు, వెర్షన్ నంబర్ రావాలి. ఇంకోటి, కొత్తగా ఇన్‌స్టాల్ చేశాక పాత విండో మూసేసి కొత్తది తెరవండి. పాత విండోకి కొత్త ప్రోగ్రామ్ ఎక్కడుందో తెలీదు.

"ఏజెంటే అన్నీ చూస్కుంటుంది, మనకెందుకు?" అని కొందరు అన్నలు అంటున్నారు. అన్నా, నోడ్ లేకపోతే ఆ ఏజెంటే లేవదు కదా. లేచాక కూడా, ఏదైనా తక్కువైతే ఇన్‌స్టాల్ చేయమంటారా అని అడుగుతుంది. అదేంటో తెలీకుండా ఎస్ కొడితే ఆ రోజు డేటా మొత్తం అయిపోవచ్చు. అంతకన్నా పెద్ద ప్రమాదం ఇంకోటి. ఏఐలు అప్పుడప్పుడు అసలు లేని ప్యాకేజీల పేర్లు చెప్తాయి. అదే పేరుతో దొంగలు తమ ప్యాకేజీ పెట్టి ఉంచొచ్చని సెక్యూరిటీ నిపుణులు హెచ్చరిస్తున్నారు. నలుగురం కలిసి వాడుకునే ల్యాప్‌టాప్‌లో అలాంటిది దూరితే నలుగురికీ నష్టం. ల్యాబ్ సిస్టమ్ అయితే సార్‌ని అడక్కుండా ఏదీ వేయొద్దు.

తప్పంతా వాడేవాళ్ళ మీదే వేయడం కూడా న్యాయం కాదు. టూల్ చేసేవాళ్ళు మొదట్లోనే చెక్ పెట్టి, "ఫలానాది లేదు, ఫలానా చోట దొరుకుతుంది" అని చెప్పించాలి. అది రెండు మూడు లైన్ల కోడ్. రేపు మనలో ఎవరైనా మన ఊళ్ళ కోసం టూల్ రాస్తే ఆ మాట తెలుగులో, కోయలో చెప్పేలా రాద్దాం.

అప్పటిదాకా పైన చెప్పిన మూడు ప్రశ్నలూ కాగితం మీద రాసి మీ హాస్టల్ గోడకి అంటించండి. జూనియర్ తమ్ముడో చెల్లో ఎర్రర్ ఫొటో గ్రూపులో పెడితే నవ్వొద్దు. "వెర్షన్ ఎంత వచ్చింది?" అని అడగండి. చాలాసార్లు సమాధానం అక్కడే దొరుకుతుంది.

జై ఆదివాసీ!