గడువు మీద బతుకు

2025 సెప్టెంబరు 19, శుక్రవారం. కొత్త హెచ్‌-1బి ఉద్యోగ వీసా దరఖాస్తుకు లక్ష డాలర్లు కట్టాలన్న ప్రకటన మీద అమెరికా అధ్యక్షుడు ట్రంప్ సంతకం చేశారు. 21వ తేదీ మొదలవగానే అమలు. అది ఎవరికి వర్తిస్తుందో, ఎవరికి వర్తించదో ఆ రాత్రి ఎవరికీ తేలలేదు. మైక్రోసాఫ్ట్, అమెజాన్ వంటి కంపెనీలు దేశం బయట ఉన్న ఉద్యోగులను వెంటనే తిరిగి రమ్మన్నాయి, లోపల ఉన్నవారిని కదలొద్దన్నాయి. శాన్‌ఫ్రాన్సిస్కోలో విమానమెక్కి కూర్చున్నవాళ్లు కొందరు దిగిపోయారు. సెలవు మీద ఇండియా వచ్చినవాళ్లు టికెట్ ధర చూడకుండా వెనక్కి పరుగెత్తారు. మర్నాడు వైట్‌హౌస్ వివరణ వచ్చింది: ఇది కొత్త దరఖాస్తులకే, వీసా ఉన్నవాళ్లకు కాదు.

భయం ఒక రోజులో చల్లారింది. పుట్టింది మాత్రం ఆ ఒక్క రోజులో కాదు. ఆ రాత్రి వీధిలోకి వచ్చి ఇదేం పద్ధతని అడిగినవాళ్లు దాదాపు లేరు. అందరూ పెట్టె సర్దుకున్నారు, లేదా సర్దిన పెట్టె విప్పుకున్నారు. అధికారం గొంతు పెంచకుండానే జనం సర్దుకుపోతున్నారంటే, ఆ అలవాటు ఎప్పుడో పడి ఉండాలి.

ఆ అలవాటు వేళ్లు 1990 నాటి ఇమ్మిగ్రేషన్ చట్టంలో ఉన్నాయి. హెచ్‌-1బి పుట్టింది దానితోనే. దరఖాస్తు పెట్టేది యజమాని. ఉద్యోగి చేతిలో ఉండేది నకలు. ఏడాదికి 65 వేల వీసాలు, అమెరికాలో పీజీ చేసినవారికి మరో 20 వేలు. మూడేళ్లు, ఆపైన ఇంకో మూడేళ్లు. ఉద్యోగం పోతే 60 రోజుల్లో ఇంకో యజమానిని వెతుక్కోవాలి, వేరే వీసాలోకి మారాలి, లేదా దేశం విడవాలి. 2017 జనవరి దాకా ఆ 60 రోజుల వెసులుబాటు కూడా లేదు. గ్రీన్‌కార్డు వస్తే ఈ గొడవ తీరుతుంది. కానీ ఏటా ఇచ్చే గ్రీన్‌కార్డుల్లో ఒక్కో దేశానికి 7 శాతం దాటకూడదన్న నియమం వల్ల, 2025లో కూడా పైచదువులవారి ఈబీ-2 వర్గంలో భారతీయుల వరస 2013లో చేరినవారి దగ్గరే నడిచింది. వరసలో నిలబడ్డప్పుడు ఐదో తరగతి చదివే బిడ్డకు ఈలోగా 21 నిండుతాయి, తల్లిదండ్రుల దరఖాస్తులోంచి ఆ పేరు జారిపోతుంది.

ఏటా ఆమోదం పొందే హెచ్‌-1బిల్లో 70 శాతానికి పైగా భారతీయులవే. వాళ్లలో తెలుగువాళ్ల వాటా పెద్దదని ప్రతి జిల్లాలో ప్రతి వీధీ సాక్ష్యం చెబుతుంది. తండ్రి సంవత్సరీకానికి రావాలా వద్దా అన్నది ఆ ఇళ్లలో స్టాంపింగ్ (పాస్‌పోర్టులో మళ్లీ వీసా ముద్ర) ప్రశ్న. మేనేజరు నోరు జారితే జవాబు చెప్పాలా అన్నది గ్రీన్‌కార్డు కోసం యజమాని పెట్టే ఐ-140 అర్జీ ఏ దశలో ఉందన్న దాన్ని బట్టి ఉంటుంది.

ఈ భయం అసలు రూపం బెంచ్ మీద, అంటే చేతిలో ప్రాజెక్టు లేని కాలంలో, కనిపిస్తుంది. ప్రాజెక్టు లేదని జీతం ఆపడం చట్టవిరుద్ధం. 1998 నుంచి అమెరికా చట్టం ఆ మాట స్పష్టంగా చెబుతోంది. ఫిర్యాదుకు కార్మిక శాఖలో డబ్ల్యూహెచ్‌-4 అనే ఫారం కూడా ఉంది. అయినా బెంచ్ మీద జీతం లేకుండా గడిపిన కుర్రాళ్ల కథలు హైదరాబాద్ హాస్టళ్లలో అందరికీ తెలుసు. ఫిర్యాదు చేయాల్సింది తన వీసా ఎవరి చేతిలో ఉందో ఆ యజమాని మీదే. పైగా ఆ కన్సల్టెన్సీల్లో తెలుగువాళ్లు నడిపేవీ తక్కువేం కావు. ‘అన్నా’ అని పిలిపించుకుని, పండక్కి భోజనానికి పిలిచి, పే స్టబ్ (జీతం చీటీ) ఆపగల మనిషి మీద ఎవరు ఫారం నింపుతారు?

ఈ మౌనంలో ఇక్కడి సమాజానికీ వాటా ఉంది. చైనాలో పుట్టిన మానవశాస్త్రవేత్త షియాంగ్ బియావ్ హైదరాబాద్‌లోనూ సిడ్నీలోనూ తిరిగి, ఆంధ్ర ఐటీ కూలీల వ్యాపారం మీద 2007లో ఒక పుస్తకం తెచ్చారు. అబ్బాయి చదువుకు, ప్రయాణానికి, బెంచ్ కాలానికి అయ్యే ఖర్చుకూ కట్నానికీ ఉన్న లంకె ఆయన కంటపడింది. తెలుగు పెళ్లిళ్ల పేరయ్యలకు అది ఎప్పుడో తెలుసు. సంబంధం విలువ వీసా రకంతో పెరుగుతున్నప్పుడు, ఉద్యోగం పోయిందని ఇంటికి ఫోన్ చేయడమే అన్నిటికన్నా కష్టం. వీసా కోసం మొక్కే చిలుకూరు బాలాజీకి కోరుకునేటప్పుడు 11 ప్రదక్షిణలు, తీరాక 108. వీసా వచ్చాక పట్టుకునే భయానికి లెక్క ఆ గుడిలో కూడా లేదు.

ఆ భయం ఒకసారి తుపాకీ రూపంలోనే వచ్చింది. 2017 ఫిబ్రవరి 22న కాన్సాస్ రాష్ట్రం ఓలేథాలోని ఒక బార్‌లో, హైదరాబాద్‌కు చెందిన ఇంజనీరు శ్రీనివాస్ కూచిభొట్లను ఒక తెల్లవాడు కాల్చి చంపాడు, మా దేశం నుంచి పొమ్మని అరుస్తూ. అడ్డుపడిన ఇయాన్ గ్రిల్లట్ అనే అమెరికన్ కూడా గాయపడ్డాడు. హంతకుడికి మరుసటి ఏడాది యావజ్జీవం పడింది. అందరికీ గుర్తున్నది ఇంతే. శ్రీనివాస్ మరణంతో ఆయన భార్య సునయన దుమాలకు ఆ దేశంలో ఉండే హక్కు కూడా పోయిందన్నది తక్కువమందికి తెలుసు. ఆ హక్కు భర్త వీసాకు ముడిపడి ఉంది. అంత్యక్రియలకు హైదరాబాద్ వచ్చిన ఆమె తిరిగి వెళ్లడానికి ఒక కాంగ్రెస్ సభ్యుడు పూనుకుని తాత్కాలిక అనుమతి ఇప్పించాల్సి వచ్చింది.

ఆ రోజుల్లోనే అమెరికాలోని ఒక తెలుగు సంఘం సభ్యులకు జాగ్రత్తలు పంపింది: బహిరంగ ప్రదేశాల్లో మాతృభాషలో మాట్లాడితే అపార్థాలు రావచ్చు, ఇంగ్లిష్‌లో మాట్లాడే వీలుందేమో ఆలోచించండి అని. 2010కీ 2017కీ మధ్య ఆ దేశంలో తెలుగు మాట్లాడేవారు 86 శాతం పెరిగి 4 లక్షలు దాటారు. అంతగా పెరుగుతున్న భాషకు దాని సంఘమే గొంతు తగ్గించుకోమంది. ఆ సలహా ఇచ్చినవారిని తప్పుపట్టడం తేలిక. పిల్లల్ని పార్కుకు తీసుకెళ్లే తల్లికి మాత్రం అది మంచి సలహాలాగే వినిపించి ఉంటుంది.

మరి సాహిత్యం? అమెరికా తెలుగు కథకు కొదవ లేదు. వంగూరి ఫౌండేషన్ ‘అమెరికా తెలుగు కథానిక’ సంకలనాలే వరసగా వచ్చాయి. వాటి నిండా మంచు, ఒంటరితనం, ఊరి మామిడిచెట్టు, వేరే జాతి కోడలు. పే స్టబ్, బెంచ్, ఉద్యోగం పోయిందని మూసిన తలుపు వెనక హెచ్‌ఆర్ చెప్పిన ఆ పది నిమిషాల మాటలు మాత్రం అరుదు. విశాఖ కోర్టుల్లో వకీలుగా తిరిగిన రావిశాస్త్రి ‘ఆరు సారా కథలు’లో, మద్యనిషేధ చట్టం ఎంతమంది చిల్లర ప్రభువులను పుట్టించిందో చూపారు. వీసా చట్టం పుట్టించిన చిల్లర ప్రభువులు ఇంకా పెద్దగా కథకెక్కలేదు. రాయగలిగినవాళ్లు సరిగ్గా ఆ గ్రీన్‌కార్డు వరసలోనే నిలబడి ఉండటం ఒక కారణం. ఇంటికి పంపే ఫోటోల్లో అంతా బాగున్నట్టే కనిపించాలన్న పట్టుదల ఇంకో కారణం.

అక్కడున్న రచయితలకు ఈ పత్రిక విన్నపం ఒక్కటే. ఆ పది నిమిషాల గురించి రాయండి. సొంత పేరుతో ఇబ్బంది ఉంటే కలం పేరుతో పంపండి. కంపెనీ పేరు, వీసా వివరం పత్రిక అడగదు.